ఐర్లాండు సారూ, ఆయన ఆఖరి ఆటా

ఆ రోజుల్లో మా గోదావరి లంకల్లో దుబాయ్ అంటే ఒక ఊరు కాదు, ఒక దిక్కు. కువైట్ వెళ్ళినవాళ్ళూ, మస్కట్ వెళ్ళినవాళ్ళూ, బహ్రెయిన్ వెళ్ళినవాళ్ళూ అందరూ దుబాయ్ వెళ్ళినవాళ్ళే. "దుబాయ్‌లో ఉన్న మా చిన్నోడు కువైట్ నించి ఫోన్ చేశాడు" అని ఎవరైనా అంటే మా వీధిలో ఎవరికీ నవ్వొచ్చేది కాదు. నేను మాత్రం నిజంగానే దుబాయ్ వెళ్ళాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. లిఫ్టంటే భయం, కదిలే మెట్లంటే భయం, ఇంగ్లీషులో మోగే ఫోనంటే (ఫోను ఏ భాషలోనూ మోగదని ఇప్పుడు తెలుసు లెండి) మరీ భయం. నోరు తెరవకుండా తలవంచుకుని పని చేసుకుంటే ఉద్యోగం నిలుస్తుందని నాకో గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకాన్ని నేనే ఒక శుక్రవారం మధ్యాహ్నం, పచ్చగడ్డి మైదానం నడిమధ్యలో, కొన్ని వందలమంది చూస్తుండగా కాళ్ళకింద వేసి తొక్కేశాను. ఆ సంగతే చెబుతున్నాను.

నన్ను తీసుకెళ్ళింది మా పిన్ని. షార్జాలో రోలా దగ్గర ఒక పాత బిల్డింగులో, మా జిల్లా ఆడవాళ్ళతో కలిసి ఒకే గదిలో ఉండేది. పొద్దున్నే అందరూ తలో ఇంటికీ పనికి పోయేవాళ్ళు. దుబాయ్‌లో ఒక పెద్ద విల్లాలో మనిషి కావాలంటున్నారని పిన్నికి తెలిసింది. "ఐర్లాండు వాళ్ళంట. మంచోళ్ళంట" అంది. నాకు 'ఐలాండు' అని వినిపించింది. మా బళ్ళో ఐలాండు అంటే లంక అని చెప్పారు కాబట్టి, ఆ దొర కూడా మనలాగే లంకవాడేనన్నమాట అని ధైర్యం తెచ్చుకున్నాను. (తర్వాత మేడమ్ పటం తీసి చూపిస్తే నిజంగానే చుట్టూ నీళ్ళే. తప్పుగా విని సరిగ్గా తెలుసుకున్నది నా జన్మలో అదొక్కటే.)

తలుపు తీసిన మనిషిని చూడగానే నా ధైర్యమంతా దిగిపోయింది. తలుపు తీశాక కూడా దారి మూసుకునే ఉంది, అంత భారీ మనిషి. మెడ అనేది విడిగా లేదు, తలే భుజాల్లోకి దిగిపోయింది. ముక్కు ముందు కుడివైపు బయల్దేరి, సగం దారిలో మనసు మార్చుకుని ఎడమకు తిరిగింది. ఇక చెవులు! వేడి నూనెలో వేసి మరిచిపోయిన అప్పడాల్లా ముడుచుకుపోయి, తలకు రెండు పక్కలా అంటుకుని ఉన్నాయి.

"పిన్నీ, ఈయన జైల్లోంచి వచ్చాడా?" అన్నాను మెల్లగా.

"నోర్ముయ్యే. ఆటగాడంట. ఆళ్ళ దేశం తరపున ఆడేడంట. పెద్ద పేరున్నోడు."

"చెవులు అలాగైపోయే ఆట ఏంటి పిన్నీ?"

"నాకేం తెల్సు? నువ్వేవైనా ఆడాలా ఏంటి? గిన్నెలు తోముకో."

ఆట పేరు రగ్బీ అని ఆ వారంలోనే తెలిసింది. హాలు గోడల నిండా ఫోటోలే. వాటిని రోజూ తుడవడం నా పని. ఆకుపచ్చ చొక్కాల్లో మనుషులు ఒకరి నడుం ఒకరు పట్టుకుని, బురదలో, వానలో, అరుస్తూ, ఏడుస్తూ. ఏ ఫోటో ముందుదో, ఏది తర్వాతదో చెప్పడానికి కింద రాసినది చదవక్కర్లేదు, చెవులు చూస్తే చాలు. మొదటి ఫోటోలో పదిహేడేళ్ళ కుర్రాడు, చక్కటి చెవులు, తిన్నటి ముక్కు. తర్వాత తర్వాత ఒక చెవి పోయింది, ముక్కు తిరిగింది, రెండో చెవీ పోయింది. అద్దాల బీరువాలో కుచ్చు వేలాడే చిన్న వెల్వెట్ టోపీ ఒకటి ఉండేది. ఇంత తలకాయకు అంత టోపీ ఏమిటా అనుకునేదాన్ని. దేశం తరపున మొదటిసారి ఆడినప్పుడు ఇచ్చే గౌరవమట అది. మేడమ్ చెప్పింది.

మేడమ్ సన్నగా, ఆయన మోచేతి దాకా వచ్చేది. అంత మనిషీ లోకంలో భయపడేది ఆవిడొక్కరికే. బూట్లతో హాల్లోకి వస్తే ఆవిడ ఊరికే అలా చూసేది, ఆయన మళ్ళీ బయటికి పోయి బూట్లు విప్పుకుని వచ్చేవాడు. ఆవిడే నన్ను కూర్చోబెట్టి ఆయన కథ చెప్పింది. పుష్కరకాలం పైగా ఆడాడట. చివరి రోజుల్లో ఒక మ్యాచ్‌లో మెడ ఎముకలకు దెబ్బ తగిలి, కాసేపు రెండు చేతులూ పని చెయ్యలేదట. చేతులైతే తిరిగి వచ్చాయి గానీ, ఇంకోసారి అక్కడే దెబ్బ తగిలితే జీవితాంతం మంచమేనని డాక్టర్లు చెప్పేశారట. ఆట మానేసి, ఇక్కడి క్లబ్బులో పిల్లలకూ పెద్దలకూ నేర్పే ఉద్యోగానికి వచ్చాడు. ఇదంతా ఆవిడ చేతులతో మెడను, మంచాన్ని చూపిస్తూ చెప్పింది. నాకు ఇంగ్లీషు రాకపోయినా బాగానే అర్థమైంది.

అప్పటికి ఆవిడకు ఏడో నెల. కానుపుకు పుట్టింటికి బయల్దేరింది. (వాళ్ళూ మనలాగే పుట్టింటికే వెళ్తారని తెలిసి నాకెంత సంతోషమేసిందో!) వెళ్ళేముందు వంటింట్లో నా రెండు చేతులూ పట్టుకుని, "ఆయన ఆడకూడదు. నో ప్లే. నువ్వు చూస్తూ ఉండాలి. నాకు చెప్పాలి" అంది. నేను నా నెత్తిమీద చెయ్యి పెట్టుకుని, "ప్రామిస్ మేడమ్, గాడ్ ప్రామిస్" అన్నాను. కొండంత మనిషిని కాపాడమని నన్ను అడిగారు. నేనా, గ్యాస్ బండను కూడా పక్కకు జరపలేను.

మేడమ్ లేనన్నాళ్ళు పిన్ని నన్ను ఆ ఇంట్లో రాత్రిళ్ళు ఉండనివ్వలేదు. సాయంత్రం రోలాకు వచ్చేసేదాన్ని. పొద్దున్నే క్లబ్బు వ్యాను నడిపే నెల్లూరు భాయ్ తీసుకెళ్ళేవాడు. భాయ్‌ది కావలి దగ్గర పల్లె. ఏళ్ళ తరబడి అక్కడ ఉన్నవాడు కాబట్టి ఏ విషయమైనా తెలుసు, తెలియనిది మరింత బాగా తెలుసు. షార్జా నించి దుబాయ్ దాకా వాహనాలు చీమల్లా కదులుతుంటే, భాయ్ నాకు లోకజ్ఞానం బోధించేవాడు. "రగ్బీ అంటే ఏమనుకున్నావు మే? బంతి ఒక సాకు. అసలు సంగతి కొట్టుకోవడం. ఊరికే కొట్టుకుంటే పోలీసులు పట్టుకపోతారు గదా, అందుకని మధ్యలో ఒక బంతి పెట్టుకున్నారు" అని ఆయన నిర్వచనం.

సారు మాత్రం మరోలా చెప్పాడు. మేడమ్ వెళ్ళాక ఆయనకు ఇల్లు పెద్దదైపోయింది. మధ్యాహ్నం క్లబ్బు నించి వచ్చి, హాల్లో తోచక, వంటింటి స్టూలు మీద కూర్చునేవాడు. మా పప్పుచారు అలవాటైంది. ఆవకాయ తింటే చెవులు ఎర్రబడేవి. అంత నలిగినా అవింకా బతికే ఉన్నాయని నాకప్పుడు తెలిసింది. ఒకరోజు నేను ఉల్లిపాయలు తరగబోతుంటే ఆపి, బల్లమీద ఇటు ఉల్లిపాయలు, అటు టమాటాలు పేర్చి ఆట నేర్పాడు. (ఆయన మాట్లాడింది ఇంగ్లీషే, నాకర్థమైన తెలుగులో చెబుతున్నాను.)

"బంతి పట్టుకుని ముందుకెళ్ళాలి. కానీ చేత్తో మాత్రం వెనక్కే వెయ్యాలి" అన్నాడు.

"వెనక్కి వేస్తే ముందుకెలా వెళ్తారు సార్?"

"అందుకేగా అంతసేపు పడుతుంది!" అని నవ్వాడు.

ఆయన చోటు ముందు వరుసలో. ఎనిమిదిమంది ఇటూ ఎనిమిదిమంది అటూ తలలు గుచ్చుకుని ఒకరినొకరు తోసుకునే తోపులాటను స్క్రమ్ అంటారట. అందులో ముందు నిలబడి బరువంతా మోసేవాడు ప్రాప్. ఆ మాట అర్థం కాక నేను బిక్కమొహం వేస్తే, గోడకు చీపురు ఆనించి చూపించాడు. అప్పుడు తెలిసింది. గెల బరువుకు అరటిచెట్టు వాలిపోకుండా మావైపు వెదురు గెడ ఆనిస్తారు చూశారూ, అదీ ఆయన ఉద్యోగం. ఆయనది పాడి ఆవుల ఇల్లు. దొడ్లోంచి కదలనని మొండికేసిన ఆవును భుజంతో నెట్టడం చిన్నప్పుడే నేర్చుకున్నాడట. "మా గేదె కూడా అంతే సార్, పక్కటెముకల కింద భుజం పెట్టాలి" అన్నాను. ఆయన స్టూలు మీంచి లేచి నాకు చెయ్యి కలిపాడు. ఆ ఇంట్లో నేను ఇంగ్లీషులో చెప్పిన మొదటి పూర్తి వాక్యం గేదె గురించే.

అన్నేళ్ళు ఆడి, అన్ని దేశాలు తిరిగి, ఆయన దేశం తరపున అవతలివాళ్ళ చివరి గీత దాటి బంతి నేలకానించి పాయింట్లు తెచ్చింది ఒకే ఒక్కసారి. అదీ పక్కదేశం మీద, జోరువానలో, అందరూ ఓడిపోతారనుకున్న రోజున. "నేను పరిగెత్తలేదు. వెనకున్నవాళ్ళు తోశారు. పడ్డాను. లేచి చూస్తే గీత అవతల ఉన్నాను" అన్నాడు. మైదానమంతా లేచి నిలబడి ఊగిపోయిందట. ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ళ నాన్న, "చూశాం, బావుంది. ఎర్రావు ఈనింది, పెయ్య" అన్నాడట. అది చెబుతూ ఆయన ఎంత నవ్వాడో, నవ్వుతూనే కిటికీలోంచి బయటికి ఎంతసేపు చూశాడో నాకింకా గుర్తు. బయట చూడ్డానికి ఏమీ లేదు. ఎండలో మెరుస్తున్న కారు, దాని అవతల గోడ, అంతే. (ఆ మధ్యాహ్నం రెండు జట్లనూ కలిపి కూర వండేశాను.)

కొన్నాళ్ళకు సారులో ఏదో మార్పు కనబడింది. పొద్దున్నే పరుగుకు పోతున్నాడు. ఈల వేస్తున్నాడు. ఉతికే బట్టల్లో మోకాళ్ళ దగ్గర పచ్చగడ్డి మరకలు. నేర్పేవాడు గట్టున నిలబడి ఈల ఊదాలి గానీ మోకాళ్ళ మీద ఎందుకు పడతాడు? ఒకరోజు ఆయన నిక్కరు జేబులో మెత్తటి రబ్బరు పళ్ళసెట్టు దొరికింది. పాపం, ఆటలో పళ్ళు కూడా పోయాయన్నమాట, ఎవరికీ చెప్పుకోలేక జేబులో పెట్టుకు తిరుగుతున్నాడని నాకు కడుపు తరుక్కుపోయింది. మా తాతగారికి చేసినట్టే దాన్ని శుభ్రంగా కడిగి, గాజుగ్లాసులో నీళ్ళు పోసి, అందులో వేసి ఆయన మంచం పక్కన పెట్టాను. సాయంత్రం ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, చెవులదాకా ఎర్రబడి, "పాతది... పాతది" అని గ్లాసుతో సహా పట్టుకుపోయాడు.

మర్నాడు వ్యానులో భాయ్‌కి చెబితే స్టీరింగు మీద పడి నవ్వాడు. "కట్టుడు పళ్ళు కాదు మే! ఆడేటప్పుడు పళ్ళు రాలకుండా నోట్లో పెట్టుకునేది అది." తర్వాత నవ్వు ఆపాడు. "అంటే... ఆడతా ఉండాడన్నమాట. శుక్రవారం వయసైపోయినోళ్ళ మ్యాచ్ ఉండాది. అబుదాబీ వాళ్ళు వస్తుండారు. సారు పేరు రాసినారని అనుకుంటా ఉంటే నేను నమ్మలా."

"ఆడితే మెడ పోతుందంట భాయ్! మేడమ్‌కి ప్రామిస్ చేశాను."

"నీకెందుకు మే ఈ యవ్వారం? వాళ్ళూ వాళ్ళూ మొగుడూ పెళ్ళాలు. నువ్వు చెప్పినావని సారుకు తెలిసిందంటే ఖలాస్. మొదటి ఫ్లైటుకే నిన్ను ఎక్కిస్తారు."

ఆ భయం నాకూ ఉంది. చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే మనిషే పోవచ్చు. గురువారం మేడమ్ ఫోన్ చేసింది. సారు మాట్లాడాక నన్ను పిలవమంది. ఆయన పక్కనే నిలబడి నారింజ వలుస్తున్నాడు. తొక్క తీస్తున్నాడే గానీ చూపంతా నా మీదే.

"సార్ ఎలా ఉన్నారు?" అంది మేడమ్.

"సార్ గుడ్. సార్ ఈటింగ్" అన్నాను. తర్వాత ఊపిరి బిగబట్టి, ఆయనకు అర్థం కాకుండా ఆవిడకు అర్థమయ్యేలా చెప్పాననుకుంటూ, "మేడమ్... సార్... టీత్. ఫ్రైడే!" అన్నాను.

"పళ్ళా? శుక్రవారమా? ఓ! డెంటిస్టా! ఎన్నాళ్ళ నించో వెళ్ళమంటున్నాను. చాలా మంచిది! తప్పకుండా పంపించు, నువ్వు కూడా వెంట ఉండు!" అని ఆవిడ ఎంతో సంబరపడిపోయింది. సారు నారింజ తొన ఒకటి నాకిచ్చాడు. తినకుండా అలాగే పట్టుకుపోయి సింకు పక్కన పెట్టేశాను.

శుక్రవారం. అక్కడ మాకు అదే ఆదివారం. పిన్ని చర్చికి బయల్దేరుతూ, "ఏంటే ఇంకా తెమల్లేదు?" అంది. నేను సంగతంతా చెప్పేశాను. "నీకేమైనా పిచ్చా? ఆయన నీకు జీతమిచ్చేవోడు. నువ్వెళ్ళి ఆయన్ని ఆపుతావా? ప్రార్థన చేసుకుందువు గాని, రా" అంది. వెళ్దామనే అనుకున్నాను. కిందికి దిగాక, మేడమ్ నా రెండు చేతులూ పట్టుకున్న పట్టు గుర్తొచ్చి కాళ్ళు అటు పడలేదు. "ప్రార్థన దారిలో చేసుకుంటాలే పిన్నీ" అని భాయ్‌కి ఫోన్ చేశాను. అతను తిట్టుకుంటూనే వచ్చాడు. "యల్లా, ఎక్కు. నేను తీసుకొచ్చినట్టు చెప్పబాకు. ట్యాక్సీలో వచ్చినానని చెప్పు."

చుట్టూ ఇసుక, మధ్యలో కళ్ళు చెదిరేంత పచ్చటి మైదానం. గట్టున ఆడవాళ్ళు గొడుగులకింద, మంచుపెట్టెల పక్కన కూర్చున్నారు. పిల్లలు అరుస్తున్నారు. ఆడేవాళ్ళను చూసి నాకు కొంచెం స్థిమితం కలిగింది. బట్టతలలు, పొట్టలు, మోకాళ్ళకు పట్టీలు. రెండడుగులు పరిగెత్తి నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నారు. సారు గట్టునే ఉన్నాడు, మీదినించి కిందిదాకా ట్రాక్‌సూట్లో. హమ్మయ్య అనుకుని, ఒక పొట్టి దొరసాని ఖాళీ కుర్చీ చూపిస్తే కూర్చున్నాను. ఆవిడే ఎండగా ఉందని తన గొడుగు నా చేతికిచ్చింది. ఇచ్చినందుకు తర్వాత ఎంత బాధపడిందో!

సగం ఆట అయ్యాక సారు మెల్లగా ట్రాక్‌సూటు విప్పాడు. లోపల ఆకుపచ్చ చొక్కా. జేబులోంచి ఆ రబ్బరు పళ్ళు తీసి నోట్లో పెట్టుకున్నాడు. గట్టుమీద అందరూ లేచి చప్పట్లు. నేను తప్ప.

లోపలికి వెళ్ళగానే స్క్రమ్. తలలు గుచ్చుకున్నారు. ఈల ఊదగానే దుంగలు ఢీకొన్న చప్పుడు. నా పళ్ళు నాకే పటపటలాడాయి. స్క్రమ్ కదిలింది, కుంగింది, విడిపోయింది. సారు నిలబడే ఉన్నాడు, నవ్వుతున్నాడు కూడా. ఆ నవ్వు ఫోటోల్లో చూసినదే. చక్కటి చెవులున్న మొదటి ఫోటోలోది. ఒక్క క్షణం నాకే పోనీలే పాపం అనిపించింది. అంతలో ఎవరో బంతి ఆయన చేతికిచ్చారు. బంతి గుండెకు అదుముకుని, తల వంచి, మా దున్న గోదాట్లోకి దిగినట్టు దిగాడు. ముందు ఒకడు పట్టుకున్నాడు. మరొకడు. ఇంకొకడు మీదికెక్కాడు. తనవాళ్ళూ ఎక్కారు, అవతలివాళ్ళూ ఎక్కారు. చూస్తుండగానే కుప్ప. కుప్ప కింద ఆయన బూటు ఒకటి కనబడుతోంది. అది కదలడం లేదు.

తర్వాత ఏం జరిగిందో భాయ్ చెబితేనే నాకు వరసగా తెలిసింది. నేను కుర్చీ తన్నేసి, సున్నపు గీత దాటి, గొడుగు ముడిచి పట్టుకుని పరిగెత్తానట. చెప్పు ఒకటి ఎక్కడో ఊడింది. నోరు మాత్రం ఆగలేదు. "లెగండ్రా! లెగండి మీద్నించి! మనిషి చచ్చిపోతాడ్రా! మెడ! మెడ! ఒరే గుండోడా, లెగవేంరా?" అంటూ కనబడిన వీపునల్లా గొడుగుతో బాదాను. ఒకడి చొక్కా పట్టి లాగాను. మరొకడి చెవి పట్టుకున్నాను, అది అప్పటికే నలిగి ఉంది కాబట్టి పట్టు చిక్కలేదు. ఎవడో ఈల నోట్లో పెట్టుకుని నావైపు చేతులూపుతూ వచ్చాడు. వాడికీ ఒకటి తగిలింది. ఒక్కొక్కరే లేచి, ఇంత ఇంత మనుషులు, చేతులు పైకెత్తి వెనక్కి జరిగారు.

అడుగున సారు బోర్లా పడి ఉన్నాడు. బంతి ఇంకా గుండెకిందే ఉంది. నేను పక్కన కూలబడి, "సార్! కాళ్ళు కదపండి! సార్!" అన్నాను. తెలుగులోనే. ఆయన కాళ్ళు కదిపాడు. మెల్లగా తల నావైపు తిప్పాడు. నవ్వు లేదు. ముఖం తెల్లగా పాలిపోయింది. ఎవరికీ వినబడకుండా, "ఎడమ చెయ్యి తెలియడం లేదు" అన్నాడు.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. అంత చెయ్యి నా రెండు చేతుల్లోనూ పట్టలేదు. చల్లగా, బరువుగా, ఎవరిదో వస్తువులా ఉంది. గేదెకు ఈత కష్టమైనప్పుడు దూడ కాలు రుద్దినట్టు రుద్దాను. (అప్పుడు నాకు అంతకు మించి వైద్యం తెలియదు, ఇప్పుడూ తెలియదు.) "ప్రభువా, ప్రభువా" అంటున్నాను. ఎవరో డాక్టరు పరిగెత్తుకొచ్చి ఆయన మెడ కదలకుండా పట్టుకున్నాడు. కాసేపటికి చిటికెన వేలు కదిలింది. తర్వాత పక్క వేలు. తర్వాత మొత్తం చెయ్యి నా చెయ్యి పట్టుకుంది. ఎముకలు విరిగిపోతాయేమో అనిపించేంత గట్టిగా. అప్పుడు నవ్వాడాయన. కళ్ళలోంచి నీళ్ళు కారుతూ నవ్వాడు.

డాక్టరు అన్నీ చూసి, సరేనన్నాక ఆయన లేచి కూర్చున్నాడు. అప్పుడు ఈల పట్టుకున్నవాడు గంభీరంగా నా ముందుకొచ్చి, నన్ను తిన్నగా నిలబెట్టి, జేబులోంచి ఎర్ర కార్డు ఒకటి తీసి ఆకాశంలోకి ఎత్తి చూపించాడు. వాడు రిఫరీ అనీ, ఎర్ర కార్డంటే ఆటలోంచి గెంటెయ్యడమనీ నాకేం తెలుసు? నా వీసా అక్కడికక్కడే రద్దు చేశారనుకున్నాను. "సార్, సారీ సార్, పాస్‌పోర్టు రూములో ఉంది సార్" అని దణ్ణం పెట్టాను. గట్టుమీదా మైదానంలోనూ అందరూ కడుపులు పట్టుకుని నవ్వారు. సారు లేచి, బంతి రిఫరీకిచ్చి, నా భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరం గీత దాటి బయటికొచ్చాం. ఆయన కుంటుతూ, నేను ఒక చెప్పుతో. చప్పట్లు మోగాయి. నేను సిగ్గుతో గొడుగు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకోబోతే, దాని ఊచలన్నీ విరిగిపోయి ఉన్నాయి.

వ్యానులో భాయ్ అద్దంలోంచి నన్ను చూస్తూ, "ఆ గుండోణ్ణి కొట్టినావు చూడు, ఆయనే క్లబ్బు ముదీర్. పెద్ద మేనేజరు. అయిపాయ నీ పని" అన్నాడు. (నన్ను తీసుకొచ్చింది భాయేనని సారుకు చెప్పనే లేదు, మాట నిలబెట్టుకున్నాను.) సారు మెడకు మంచు సంచీ ఒత్తుకుని కూర్చున్నాడు. తర్వాత ఫోన్ తీసి తనే మేడమ్‌కి చేశాడు. ఒక్కముక్క దాచకుండా చెప్పాడు. అవతల్నించి మేడమ్ గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే, భాయ్ ఎందుకైనా మంచిదని వేగం తగ్గించాడు. సారు "అవును... అవును... లేదు, ఇంకెప్పుడూ లేదు" అంటూ తల ఊపుతూనే ఉన్నాడు, ఊపకూడదని డాక్టరు చెప్పినా. చివరికి ఫోన్ నాకిచ్చాడు.

"వాళ్ళను కొట్టావా?" అంది మేడమ్.

"ఎస్ మేడమ్."

"ఎంతమందిని?"

"ఆల్, మేడమ్."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "గుడ్ గర్ల్" అంది.

రోలాకు వెళ్ళి పిన్నికి చెబితే తల పట్టుకుని కూర్చుంది. "పనమ్మాయిగా పంపితే ఫైటింగులు చేసొచ్చావా? ఊళ్ళో మీ అమ్మకు నేనేం చెప్పాలి?" అని మొదలుపెట్టి, మూడోసారి చెప్పించుకునేసరికి తనే గదిలో వాళ్ళందరినీ పిలిచి, "మా అక్క కూతురు" అంటూ వినిపించడం మొదలుపెట్టింది. ఆవిడ చెప్పిన కథలో నేను కొట్టిన మనుషులు వారం వారం పెరుగుతూ పోయారు.

ఆ క్లబ్బులో తర్వాత జరిగిన విందుకు నన్నూ పిలిచారు. పిన్ని చీర కట్టుకుని, భాయ్ పక్కన బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. సారు లేచి, ఇక తాను బూట్లు విప్పేస్తున్నానని చెప్పాడు. నాలాంటి దానికీ అర్థమయ్యేలా నెమ్మదిగా మాట్లాడాడు. "ఎన్నో దేశాలవాళ్ళు నన్ను మైదానం బయటికి నెట్టాలని చూశారు. ఒక్కరివల్లా కాలేదు. గోదావరి లంక నించి వచ్చిన ఈ అమ్మాయి గొడుగుతో నెట్టేసింది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం ఆ మాట తర్వాత కొంచెంసేపు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అన్నేళ్ళ ఆట, వానలో ఆ ఒక్క గెలుపు, ఆ మైదానాల హోరు, అన్నీ అక్కడితో సరి. మనిషికి తన పని ఇక అయిపోయిందని అందరి ముందూ ఒప్పుకోవడం ఎంత కష్టమో, ఆ ముఖం చూశాకే నాకు తెలిసింది. గుండు ముదీర్ వచ్చి వీపు తడుముకుంటూ నాకు చెయ్యి కలిపాడు.

ఆ నెలలోనే పాప పుట్టింది. మేడమ్ తీసుకొచ్చాక సారు పాపను ఒక అరచేతిలో పడుకోబెట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. ఆ ఎడమ చేతిలోనే. నేను వెనకే తిరిగేదాన్ని, పడేస్తాడేమోనని. ఎప్పుడూ పడెయ్యలేదు. ఆ పాప నాలుగేళ్ళదై వాళ్ళు తిరిగి వాళ్ళ దేశం వెళ్ళేదాకా నేను ఆ ఇంట్లోనే ఉన్నాను.

ఇప్పుడు నా వయసు, నా బరువు రెండూ రెట్టింపుకు దగ్గర్లో ఉన్నాయి. ఊళ్ళోనే ఉంటున్నాను. సెల్లులో అప్పుడప్పుడు ఆ ఆట చూస్తాను. నియమాలన్నీ వచ్చు. బంతి వెనక్కి ఎందుకు వెయ్యాలో, స్క్రమ్ ఎందుకు కూలుతుందో మా ఆయనకు వివరిస్తుంటాను (ఆయన వినడు). కుప్పపడటం ఆటలో భాగమనీ, నూటికి తొంభైమంది దులుపుకుని లేస్తారనీ నాకు బాగా తెలుసు. అందుకే కుర్చీలోంచి కదలను. ఏమీ తెలియని ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల మాత్రం ఒక్క క్షణం ఆలోచించకుండా పరిగెత్తింది. దాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా వేస్తుంది. ఏం చేస్తాం, మోకాళ్ళు నొప్పులు. కాకపోతే, అడుగున పడ్డవాడు లేచి నిలబడేదాకా టీ మాత్రం తాగను. మా ఆయన, "చల్లారిపోతోందే" అంటాడు. "ఉండండి, ఆ పిల్లాణ్ణి లెగనివ్వండి" అంటాను.